ఈతకొలనులో ఆంబోతు

ఉక్కు కర్మాగారంలో ముప్పై నాలుగేళ్లు క్రేన్ నడిపి రిటైరయ్యాక, సరిగ్గా మూడో వారంలో మా ఆవిడ నన్ను ఇంట్లోంచి తరిమేసింది. తప్పు నాదే. నేను నడిపింది రోడ్ల మీద తిరిగే క్రేన్ కాదు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ నడిచేది. పైన గాజు గదిలో నేను, కింద కరిగిన ఉక్కు నిండిన పెద్ద బకెట్టు, దానికి కాస్త దూరంలో నిలబడి చేత్తో సైగలు చేసే మనిషి. ఆ హోరులో సైగలే మా భాష. గుప్పిట బిగిస్తే ఆగు. వేలు పైకి తిప్పితే ఎత్తు. అరచెయ్యి కిందికి ఊపితే దించు, మెల్లిగా దించు.

రిటైరయ్యాక నాకు సైగ చేసేవాళ్లు లేకపోయారు. అందుకని నేనే మొదలుపెట్టాను. మా ఆవిడ పొయ్యి మీంచి కుక్కర్ దించుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి అరచెయ్యి ఊపేవాణ్ణి. బాల్చీ ఎత్తుతుంటే వేలు తిప్పేవాణ్ణి. ఒకరోజు పప్పుగిన్నె పట్టుకుని వస్తున్న మనిషికి గుప్పిట బిగించి చూపించాను. ఆవిడ నిజంగానే ఆగింది. గిన్నె బల్ల మీద పెట్టింది.

"నీకు దండం పెడతాను. పొద్దున్నే ఎక్కడికైనా ఎల్లిపో, సాయంత్రం వొచ్చీ. భీమిలి రోడ్డులో కుక్కల్నీ పిల్లుల్నీ సాకుతన్నారట. మనుషులు కావాలంతన్నారట. అక్కడికెల్లి ఆటికి ఊపు సేతులు."

"నాకు కుక్కలంటే బయ్యం కాదేటి?"

"నాకు నువ్వంటే బయ్యమేస్తంది. ఎల్లు."

రుషికొండ దాటి భీమునిపట్నం వెళ్లే దారిలో, ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, సముద్రంలో కలిసేచోట ఇసకదిబ్బ మీద ఉంది ఆ ఆశ్రమం. వానలకి గెడ్డ పొంగినా, సముద్రానికి పోటొచ్చినా దిబ్బ చుట్టూ నీళ్లు చేరిపోతాయి. అందుకే చుట్టుపక్కలవాళ్లు దాన్ని లంక అంటారు. వానాకాలంలో సగం రోజులు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని డ్యూటీకి వెళ్లాలి. అవతల గట్టున నలభై దాకా కుక్కలు వరసగా నిలబడి మనకోసం ఎదురుచూస్తుంటాయి. మొదటిరోజు నేను నీళ్ల మధ్యలోనే అరగంట ఉండిపోయాను.

ఆశ్రమాన్ని నడిపే సంఘానికి అధ్యక్షురాలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. జరీ అంచు నేతచీర, చేతిలో గొడుగు, చంకలో రిజిస్టరు. ఆవిడ బడి మానేసినా బడి ఆవిణ్ణి మానలేదు. రోజూ ఉదయం ఎనిమిదింటికి హాజరు పిలిచేది.

"మూడు కాళ్ల మేక!"

"మే..."

"హాజరు. ఎర్రతోక కుక్క!"

నలభై కుక్కలూ ఒక్కసారిగా మొరిగేవి.

"ఒక్కొక్కరే చెప్పాలి! ఎన్నిసార్లు చెప్పాను?"

కుక్కలంటే భయమని నేను ముందే చెప్పుకున్నాను కాబట్టి నాకు తేలికపాటి పని ఇచ్చింది: జలుబు చేసిన ఒక నల్లపిల్లికి రోజుకో మాత్ర వెయ్యడం. మాత్రని చేపముక్కలో దాచి పెట్టాను. పిల్లి చేప తినేసి, మాత్రని నాకు తిరిగి ఇచ్చేసింది. ఇంకో ముక్కలో పెట్టాను. మళ్లీ అంతే. ఆరు ముక్కలయ్యాక పిల్లి కడుపు ఉబ్బింది, మాత్ర మాత్రం కడిగినట్టు తళతళలాడుతోంది.

ఇదంతా ఒక మూల కూర్చుని చూస్తున్న ముసలావిడ లేచి వచ్చింది. ఆవిడ జాలరిపేటలో చేపలమ్మే మనిషి. బేరం అయిపోయాక తలలూ తోకలూ గంపకెత్తుకుని, బస్సులో అందరి చేతా ముక్కులు మూయించుకుంటూ రోజూ లంకకి వచ్చేది. నా దగ్గరికి వచ్చి పిల్లి మెడ పట్టుకుని ఎత్తింది, నోరు తెరిచింది, మాత్ర పడేసింది, నోరు మూసి గొంతు నిమిరింది. పిల్లి గుటక వేసింది. ఆవిడ నావైపు తిరిగింది.

"నీకేటైనా మాత్రుందేటి తమ్ముడూ? ఉంతే ఇప్పుడే సెప్పు."

జేబులో బీపీ మాత్ర ఉంది. ఉదయం మర్చిపోయాను. ఆవిడ చెయ్యి ఇటు రాకముందే నీళ్లు కూడా లేకుండా మింగేశాను.

అలా రెండు నెలలు గడిచాయి. కుక్కలకి నేనూ, నాకు కుక్కలూ దూరం నుంచి నమస్కారం పెట్టుకునే స్థాయికి వచ్చాం. అప్పుడు ఒక ఉదయం హాజరు మధ్యలో అధ్యక్షురాలి ఫోన్ మోగింది. ఆవిడకి చెవి కాస్త మందం, అందుకని స్పీకరు పెట్టింది.

"ఆయ్, నమస్కారమండి. రుషికొండలో రిసార్టు మేనేజర్నండి. మా స్విమ్మింగ్ పూల్లో ఒక ఎద్దుందండి."

"ఈత కొడుతోందా?"

"లేదండి. పూల్లో నీళ్లు లేవండి. మరమ్మతులకని తీసేశామండి. అది కూర్చునుందండి."

సంఘం వ్యానులో బయల్దేరాం. అధ్యక్షురాలు స్వయంగా నడిపింది, సైకిళ్లకి కూడా దారిస్తూ. వెనక సీట్లో నేను, చేపలావిడ, ఆవిడ గంప.

ఆ రిసార్టులో కొలనుకి మెట్లు లేవు. బీచిలో నడిచి దిగినట్టు ఉండాలని ఒక వైపంతా వాలుగా కట్టారు. ఆ వాలు చూసి రోడ్డే అనుకుని ఉంటుంది పాపం. వానకి పలకలు పాచి పట్టి ఉన్నాయి. అడుగు వెయ్యగానే జారుకుంటూ లోతు వైపుకి చేరిపోయింది. వెళ్లి చూస్తే, ఆ బీచిలో తిరిగే ఆంబోతే. మరమరాలతో చేసే మురీ మిక్స్చర్ బండ్ల దగ్గర దానికి వాడుక ఉంది. నిమ్మకాయ పిండితే ముట్టదట. ఇప్పుడు ఎనిమిదడుగుల లోతులో, "ఈత రానివారు ఇటు రాకూడదు" అన్న బోర్డు కింద, కాళ్లు ముడుచుకుని హాయిగా నెమరు వేస్తోంది.

మేనేజర్ మెడలో టై, నుదుట చెమట. గోదావరి వైపు మనిషి.

"రేపు పొద్దున్న ఇక్కడ పెళ్లివారి హల్దీ ఉందండి. ఎండిపోయిన స్విమ్మింగ్ పూలే బాగుందని, అందులోనే డెకరేషన్ చేయమన్నారండి. బంతిపూలు దిగిపోయాయండి. ఎద్దు దిగుతుందని మేమనుకోలేదండి."

"మీరేం కంగారు పడకండి," అంది అధ్యక్షురాలు. కొలను గట్టున నిలబడి గొడుగు మొన దానివైపు చూపించింది. "ఇదిగో, నిన్నే! లేచి నిలబడు!"

ఆంబోతు లేచి నిలబడింది. మేనేజర్ రెండు చేతులూ జోడించాడు. కానీ తర్వాత "ఎక్కి రా" అన్నప్పుడు మాత్రం అది నాలుగడుగులు వేసింది, జారింది, మళ్లీ బోర్డు కింద కూర్చుంది. ఈసారి ఎంత గద్దించినా చెవి కూడా ఊపలేదు.

వంటశాల నుంచి అరటిగెల తెప్పించాం. వాలు మొదట్లో ఒక పండు, దానికి కాస్త పైన ఇంకోటి అలా వరసగా పెడదామని నా ఆలోచన. మొదటి పండు పెట్టబోతుంటే గెల నా చేతిలోంచి జారి, వాలు మీద దొర్లుకుంటూ పోయి సరిగ్గా దాని మూతి దగ్గర ఆగింది. ఆంబోతు కూర్చున్నచోటి నుంచి కదలకుండా గెలంతా తినేసింది. వాలు మీద గోనెసంచులు పరిస్తే పట్టు దొరుకుతుందని మేనేజర్ అన్నాడు. పరిచాం. వాటిలో కిందటిసారి బెల్లం ఉందట. అది సంచులు కూడా తినడం మొదలుపెట్టింది. మత్తు ఇంజెక్షన్ ఇవ్వొచ్చా అని పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే, కడుపునిండా అరటిపళ్లున్న ఎద్దుని ఎట్టి పరిస్థితుల్లోనూ పడుకోబెట్టొద్దన్నాడు.

అప్పుడు చేపలావిడ నోరు విప్పింది.

"నీల్లు నింపీండి. నిండితే అదే తేల్తాది. తేలితే అదే ఈదుకుని ఒడ్డుకొచ్చెత్తాది. మా పడవలు అలగే గదా లేపుతాం."

మేమందరం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. ఎక్కడా తప్పు కనిపించలేదు. అధ్యక్షురాలి కళ్లు మెరిశాయి. రిజిస్టరు వెనక పేజీ తిప్పి, పొడవు వెడల్పు లోతు అడిగి, "ఒక తొట్టిని రెండు గొట్టాలు నింపుచున్నవి" అని గొణుక్కుంటూ లెక్క చెయ్యడం మొదలుపెట్టింది. పావుగంట మేమంతా పరీక్ష హాల్లో ఉన్నట్టు నిలబడ్డాం. లెక్క తేలింది: ఎల్లుండి సాయంత్రానికి నిండుతుంది.

"హల్దీ రేపండి," అన్నాడు మేనేజర్ ఏడుపు గొంతుతో.

సరిగ్గా అప్పుడు గోడ అవతల నుంచి ఒక చప్పుడు వినిపించింది. గొలుసు కొక్కేనికి తగిలే చప్పుడు. ముప్పై నాలుగేళ్లు ఆ చప్పుడు వింటూ అన్నం తిన్నవాణ్ణి, నిద్రలో కూడా గుర్తుపడతాను. గోడెక్కి చూశాను. పక్క స్థలంలో ఏదో బిల్డింగు కడుతున్నారు. ఇనుప చువ్వల కట్ట దించుతూ ఒక పసుపురంగు హైడ్రా ఉంది. హైడ్రా అంటే చక్రాల మీద నడుస్తూ ముందుకి పొడవాటి చెయ్యి చాపుకుని ఉండే చిన్న క్రేను. దాని డ్రైవరు ముప్పై ఏళ్లవాడు, విజయనగరం వైపు మనిషి. విషయం చెప్పాను.

"బావా, నాను చువ్వలెత్తినాను, సిమెంటెత్తినాను, ఓసారి ట్రాన్స్‌ఫార్మరెత్తినాను. పేనమున్నదాన్ని ఎత్తనేదు."

"నానున్నాను గదా. నాను సెప్పినట్టు సెయ్యి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. వచ్చాక వెనక్కి తీసుకోలేకపోయాను.

హైడ్రా కొలను గట్టుకి వచ్చి నిలబడింది. ఆ చప్పుడుకి ఆంబోతు కూడా లేచి నిలబడింది. బరువులెత్తే వెడల్పాటి నైలాన్ పట్టీలు రెండు తెచ్చాడు. ఒకటి ముందుకాళ్ల వెనక నుంచి, ఒకటి వెనకకాళ్ల ముందు నుంచి పొట్ట కింద వెయ్యాలి. వెయ్యడానికి ఎవరో ఒకరు దిగాలి. అందరూ నన్నే చూశారు. నూరు టన్నుల పైచిలుకు కరిగిన ఉక్కుని నా చేత్తో మోసినవాణ్ణే, కాదనను. కానీ ఉక్కుకి సొంత ఆలోచనలుండవు. అది మనవైపు తిరిగి చూడదు.

ఒక చేత్తో పట్టీలు పట్టుకుని వాలు మీద అడుగు పెట్టాను. రెండో అడుగు నేను పెట్టలేదు. కూలబడి, కూర్చున్నట్టే జారుకుంటూ, నిమిషంలో ఆంబోతు ముందుకాళ్ల మధ్య తేలాను. అది తల వంచి నన్ను వాసన చూసింది. నా బట్టతల మీద మెల్లిగా, ఇసుకకాగితంతో రుద్దినట్టు నాలుకతో నాకింది. నేను గుప్పిట బిగించి చూపించాను. ఆగలేదు.

"కదలకు తమ్ముడూ, ఉప్పు కోసం నాకతంది," అంటూ చేపలావిడ చీర కుచ్చిళ్లు దోపుకుని, నాలా జారకుండా, పక్కకి పక్కకి అడుగులేసుకుంటూ దిగింది. పట్టీలు పొట్ట కింద నుంచి ఇవతలికి లాగింది, ఒరుసుకోకుండా మిగిలిన గోనెసంచులు మడిచి కింద పెట్టింది, కొసలు కొక్కేనికి తగిలించింది, నా చెయ్యి పట్టుకుని గట్టుకి లాక్కెళ్లింది.

ఇక నేను నిలబడాల్సింది హైడ్రాకి ఎదురుగా. సర్వీసంతా సైగలకి లోబడినవాణ్ణే గానీ సైగ చేసినవాణ్ణి కాదు. చొక్కా వెనకంతా పాచి, తల మీద ఆంబోతు ఎంగిలి. వేలు పైకెత్తి తిప్పాను.

హైడ్రా కదల్లేదు.

"సేతులలగూపుతావేటి బావా! నోటితో సెప్పు, నాకేటీ తెల్దు!"

"ఎత్తు!" అని అరిచాను. "మెల్లిగా! మెల్లిగా ఎత్తు!"

పట్టీలు బిగిశాయి. ఆంబోతు కాళ్లు ఒక్కొక్కటే నేలని వదిలాయి. బరువు గాల్లోకి లేచిన ఆ క్షణాన చుట్టూ ఉన్నవాళ్లందరూ ఊపిరి బిగపడతారు. షెడ్డులో కూడా అంతే ఉండేది. ఆ నిశ్శబ్దం విని రెండు నెలలకి పైనే అయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పాచి పడిందని మేనేజర్‌కి చెప్పాను.

ఆంబోతు గింజుకోలేదు. నాలుగు కాళ్లూ వేలాడేసుకుని, పైకి వెళ్లినకొద్దీ మెడ చాపి సముద్రం వైపు చూడసాగింది. గోడ మీంచి కూలీలు, కిటికీల్లోంచి అతిథులు, అందరి చేతుల్లో ఫోన్లు. హైడ్రా చెయ్యి తిప్పుతూ దాన్ని గట్టు మీదికి తెచ్చింది. సరిగ్గా బంతిపూల గుట్ట మీదికి వచ్చేసరికి, పొట్ట మీద పట్టీ ఒత్తిడికి, పొద్దున్నించి తిన్నదంతా కిందికి దిగింది. అధ్యక్షురాలు అప్పటికే గొడుగు తెరిచేసి ఉంది. బడిలో పిల్లల ముఖాలు చూసి ఎవరికి బయటికెళ్లే అవసరం ఉందో చెప్పగలిగేదాన్నని తర్వాత మాతో అంది. మేనేజర్ దగ్గర గొడుగు లేదు.

పచ్చిక మీద దించాం. పట్టీలు విప్పాం. ఆంబోతు ఒకసారి ఒళ్లు విదిల్చుకుని, గేటు వైపు కాకుండా హైడ్రా వైపు నడిచింది. వేలాడుతున్న కొక్కెం కిందికి వెళ్లి నిలబడి తల పైకెత్తింది.

"ఏటి బావా ఇది?" అన్నాడు డ్రైవరు.

ఏమిటో మర్నాడు తెలిసింది. బంతిపూలు కొత్తవి తెప్పించుకుని హల్దీ అవుతుండగా డ్రైవరు దగ్గర్నించి ఫోను.

"బావా, నీ ఎద్దొచ్చీసినాది. మల్లీ ఎత్తమంతంది."

పొద్దున్నే సైటుకి వచ్చి కొక్కెం కింద నిలబడిందట. చువ్వలెత్తుతుంటే పక్కకి జరిగి చూస్తుందట, చువ్వలు దిగాక మళ్లీ తన వంతన్నట్టు వచ్చి నిలబడుతుందట. మూడో రోజూ అంతే. మురీ బండ్ల వైపు పోవడం మానేసిందట. నాలుగో రోజున సైటు ఇంజనీరు అధ్యక్షురాలికే ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. ఆవిడ అంతా విని, "అయితే టి.సి. ఇచ్చెయ్యండి. మా దగ్గర చేర్చుకుంటాం," అంది.

ఈలోగా గాల్లో వేలాడే ఆంబోతు వీడియో ఊరంతా తిరిగి మా ఇంటికి కూడా వచ్చింది. మా ఆవిడ నాలుగుసార్లు చూసింది. "సేతులు బాగానే ఊపినావు," అంది. "మరి నోరెందుకలా తెరిసినావు?"

లంకకి తీసుకెళ్లడానికి లారీ తెచ్చాం, ఎక్కలేదు. తాడు కట్టి లాగితే మేమే ముందుకి వచ్చాం, అది రాలేదు. చివరికి హైడ్రా కదిలితే దాని వెంటే వస్తుందని డ్రైవరే కనిపెట్టాడు. సైటు ఇంజనీరు సంతోషంగా ఒక పూట హైడ్రాని ఇచ్చాడు.

అలా ఒక ఉదయం భీమిలి రోడ్డు మీద బయల్దేరాం. అందరికంటే ముందు గొడుగుతో అధ్యక్షురాలు. తర్వాత దారి చూపిస్తూ నేను. నా వెనక కొక్కెం ఊపుకుంటూ హైడ్రా. కొక్కేనికి సరిగ్గా రెండడుగుల దూరంలో, హైడ్రా పక్కపక్కనే, కళ్లు దాని మీంచి తిప్పకుండా ఆంబోతు. ఆ వెనక నెత్తిన గంపతో చేపలావిడ, ఆవిడ గంప వెనక మూడు పిల్లులు. వాటి వెనక ఐటీ కంపెనీల బస్సులు, భీమిలి బస్సు, ఎటూ పోలేని ఆటోలు. హారన్లు కొట్టి కొట్టి అలిసిపోయి, చివరికి వాళ్లు కూడా మా వేగానికి అలవాటుపడ్డారు.

దారిలో ఒక ముసలమ్మ పళ్లెంతో ఇంట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చి హైడ్రాకి హారతిచ్చింది.

"ఏ అమ్మోరి సంబరం బాబూ ఇది?"

డ్రైవరు కిందికి వంగి, "సంబరం కాదప్పా, ఎద్దుని బడిలో ఏత్తన్నాం," అన్నాడు.

"సల్లగా సదూకోమ్మా," అని ఆవిడ హైడ్రా చక్రం ముందు కొబ్బరికాయ కొట్టింది. ఒక చెక్క ఆంబోతు తినేసింది, పీచుతో సహా.

లంక దగ్గరికి చేరేసరికి గెడ్డలో మోకాల్లోతు నీళ్లున్నాయి. హైడ్రా ఇసకలో దిగబడుతుందని డ్రైవరు ఒడ్డునే ఆపేశాడు. హైడ్రా ఆగింది కాబట్టి ఆంబోతూ ఆగింది. అవతల కుక్కలు వరసగా నిలబడి చూస్తున్నాయి. బతిమాలాం, నెట్టాం. దాన్ని నెట్టడమంటే గోడకి ఆనుకుని విశ్రాంతి తీసుకోవడమే. అధ్యక్షురాలు అప్పటికే నీళ్లు దాటి అవతలి గట్టు మీద ఉంది. గడియారం చూసుకుంది. రిజిస్టరు తెరిచింది.

"ఇంకా బయటేం చేస్తున్నారు? గంట కొట్టి ఎంతసేపయింది? అందరూ లోపలికి రండి!"

ఆ గొంతులో ఏముందో ఇప్పటికీ చెప్పలేను. ఆంబోతు నీళ్లలోకి దిగింది. నేను దిగాను. చేపలావిడ దిగింది. హైడ్రా ఇంజను ఆపి డ్రైవరు దిగాడు. ఏం జరుగుతోందో చూద్దామని బస్సు దిగి వచ్చిన భీమిలి బస్సు కండక్టరు కూడా బూట్లతోనే దిగిపోయాడు. అవతలికి చేరాక అందరం వరసలో నిలబడ్డాం. ఆవిడ రిజిస్టర్లో కొత్త పేరు రాసుకుని, కండక్టర్ని చూసి, "మీరే తరగతి?" అని అడిగింది.

నెల తర్వాత, హల్దీ చేసుకున్న ఆ పెళ్లివాళ్లు వచ్చారు. తమ హల్దీకి ఒకరోజు ముందు అదే కొలనులో ఉన్న ఎద్దుతో ఒక ఫొటో కావాలట. ఇద్దరూ పట్టుబట్టల్లో, మెడల్లో గులాబీల దండలతో, చెప్పులు చేత్తో పట్టుకుని గెడ్డ దాటి వచ్చారు. పెళ్లికొడుకు కొంచెం బెదురుతూనే దాని పక్కన నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు "నవ్వండి" అనేలోపే ఆంబోతు మెడ తిప్పి అతని దండ అందుకుంది. దండతోపాటు అతను కూడా వంగాడు. పెళ్లికూతురు నవ్వు ఆపుకోలేక ఇసకలో కూలబడిపోయింది. ఆ అమ్మాయి లేచేసరికి దండలో దారం మాత్రం మిగిలింది. ఫొటో ఒకటి మాకు కూడా పంపించారు. ఆఫీసు గదిలో పటం కట్టించి పెట్టాం. అందులో పెళ్లికొడుకు ముఖం కనబడదు, ఆంబోతు ముఖం మాత్రం చాలా బాగా వచ్చింది.